డ్రెస్సింగు కాదమ్మా, డ్రెసాజు

హలో, వినబడుతోందాండీ? ఆ, నేనేనండీ. కాస్త గట్టిగా మాట్లాడతాను, ఇక్కడ నర్సీపట్నంలో పొద్దున్నుంచీ వాన. అందరూ బాగున్నారా, భోజనాలయ్యాయా? పోయిన వారం రాణమ్మ గారు అన్నం పళ్లెం పక్కకి తోసేసి లేచిపోయిన దగ్గర ఆపేశానని చాలామంది నన్ను కేకలేశారు. ఒకావిడైతే, ముసలావిడని వారం రోజులు ఆకలితో కూర్చోబెట్టావు కదయ్యా అని మెసేజీ పెట్టింది. లేదండీ, ఆవిడ ఆ రాత్రే తిన్నారు. లీలా తినిపించింది. కొత్తగా లైనులోకి వచ్చినవాళ్లు కూడా కూర్చోండి, కంగారు లేదు, అర్థమైపోతుంది.

* * *

ఆదివారం చర్చి నుంచి వచ్చింది మొదలు రాణమ్మ గారు కొడుకుతో మాట్లాడ్డం లేదు. ఇప్పుడు శనివారం పొద్దున్న.

మాట్లాడ్డం లేదంటే నోరు కట్టేసుకున్నారని కాదు. కొడుకుతో తప్ప ఇంట్లో ఉన్న అన్నిటితోనూ మాట్లాడుతున్నారు. స్టవ్వుతో, కొళాయితో, గోడ మీద బైబిల్ వాక్యం కేలండరుతో. కొడుక్కి చెప్పాల్సినవన్నీ కోడలు లీలాకి చెబుతారు. ఆ కొడుకు అక్కడే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో కూర్చుని ఉంటాడు.

"లీలా, ఆ మీరట్ దొరగారికి ఇంకో ఇడ్లీ కావాలేమో అడుగు."

"సాలమ్మా," అన్నాడు సత్యప్రకాష్.

"సాలంటన్నాడా? ఈడి మాటకేటి, సాలన్నా నమ్మకూడదు. ఇంకోటి ఎయ్యి."

లీలా వేసింది. ప్రకాష్ తిన్నాడు. కోపంలో కూడా కొడుకు పళ్లెం ఖాళీగా ఉండనివ్వరు ఆవిడ.

ఇంత గొడవా ఒక్క మాట వల్ల వచ్చింది.

రాణమ్మ గారి పూర్తి పేరు ఎస్తర్ రాణి. ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో ఆవిడది అందెవేసిన చెయ్యి. భర్త చిన్న వయసులోనే పోతే ఆ ఉద్యోగంతోనే కొడుకుని పెంచారు. కొయ్యూరు, చింతపల్లి కొండల మీద నుంచి దిగే వాళ్లకి కూడా కట్ల రాణమ్మ గారంటే తెలుసు. కాలు తెగినా, చెయ్యి కాలినా, ఆవిడ పక్కన కూర్చుని "ఒరే నాయనా, అయిపోయింది, అయిపోయింది" అంటూ శుభ్రం చేస్తుంటే నొప్పి సగం అక్కడే పోయేదని చెప్పుకుంటారు.

సత్యప్రకాష్ మిలటరీలో చేరాడు. మీరట్‌లో గుర్రాల దళంలో పడ్డాడు. తొంభైమూడులో ఒకరోజు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నన్ను డ్రెసాజ్‌లోకి తీసుకున్నారు" అన్నాడు. లైన్లో ఒకటే గరగర. ఇటు పక్క రాణమ్మ గారికి వినబడింది డ్రెస్సింగు అని.

కొడుకు తన పనిలోకే వచ్చాడు. మనుషులకి కాకపోతే గుర్రాలకి. ఆవిడ ఫోన్ పట్టుకుని ఏడ్చేశారు. అవతల కుర్రాడు కాదని చెప్పబోయాడు. తల్లి అంత ఆనందంగా ఏడవడం ఎప్పుడూ వినలేదు వాడు. మళ్లీ ఎప్పుడైనా చెబుదాంలే అనుకున్నాడు.

ఆ మళ్లీ ఎప్పుడైనా అన్నది పన్నెండేళ్లు రాలేదు.

డ్రెసాజ్ అంటే మరేం లేదండీ. గుర్రానికి నడక నేర్పి, ఆ నడకతో పోటీకి దిగడం. గిరి గీసిన పొడుగాటి మైదానంలో గుర్రం అడ్డంగా నడవాలి, ఉన్నచోటే అడుగులు వెయ్యాలి, రాయిలా ఆగాలి. మీదున్నవాడు ఏమీ చెయ్యనట్టు కనబడాలి. చుట్టూ జడ్జీలు కూర్చుని మార్కులు వేస్తారు. ప్రకాష్ అందులో దేశం తరఫున మలేషియా వెళ్లాడు, బ్యాంకాక్ వెళ్లాడు, శిక్షణకి జర్మనీ కూడా వెళ్లొచ్చాడు. జర్మనీ గుర్రాలకి కూడా మావాడే కట్టాలి అని రాణమ్మ గారు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు.

పోయిన ఆదివారం సంఘ పెద్ద ప్రభుకుమార్ గారు ఇంగ్లీషు పేపర్లో పడిన ఫొటో ఒకటి కత్తిరించి తెచ్చారు. నల్ల కోటు, ఎత్తు టోపీ, తెల్ల గ్లౌజులు, గుర్రం మీద సత్యప్రకాష్. మీవాడు గుర్రం చేత డాన్సు చేయిస్తాడటమ్మా, మనమేమో వాడికి కట్లు కట్టే ఉద్యోగం కోసం ప్రార్థన చేస్తున్నాం అని ఆయన నవ్వారు. చెడ్డగా నవ్వలేదు. కానీ అందరూ నవ్వారు.

ఆ ప్రార్థన ఎందుకంటే, కొడుక్కి పదిహేనేళ్ల సర్వీసు పూర్తయింది, పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చేయొచ్చు. పశువుల ఆసుపత్రిలో ఓ ఖాళీ ఉందని విని రాణమ్మ గారు అక్కడ మాట్లాడి పెట్టారు. ఆ పని కోసం సంఘమంతా బుధవారం బుధవారం ఉపవాసం ఉంది.

కొడుకు ఆలోచన వేరే. వచ్చే ఏడాది దోహాలో ఏషియా పోటీలు. వచ్చే నెలలో జట్టు ఎంపిక. అందులో దిగాలంటే ఇంకో రెండేళ్లు సర్వీసులో ఉంటానని ఒప్పుకోవాలి. ఉంటాడో మానేస్తాడో తెలుసుకోడానికి మీరట్ నుంచి కోచ్ సాబ్ ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తాడు. తల్లి ఊ అంటే తప్ప ఉంటానని చెప్పనని ప్రకాష్ లీలాతో అన్నాడు. ఆ ఊ అనాల్సిన ఆవిడ కేలండరుతో మాట్లాడుతున్నారు.

* * *

టిఫిను అయ్యాక రాణమ్మ గారు గిన్నెలు ముందేసుకుని కూర్చున్నారు. లీలా పక్కన నిలబడి కడిగినవి తుడుస్తోంది. లీలా మిషను స్కూల్లో చిన్నపిల్లల టీచరు. మొగుడు ఉత్తరాదిలో ఉంటే ఇన్నేళ్లూ అత్తగారి దగ్గరే ఉంటోంది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఎక్కువ కాపురం అత్తాకోడళ్లదే.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నారు రాణమ్మ గారు, బాండీ గీకుతూ.

"పెళ్లైన ఏడాదే తెలిసింది అత్తా. మీరట్ వెళ్లినప్పుడు సూసేను."

"సూసి నాకు సెప్పలేదు."

"మీరు సాక్ష్యం సెప్తన్నారు కదా అత్తా. నిండు చర్చిలో మధ్యలో లేచి కాదని ఎలా సెప్పను?"

బాండీ గీకడం ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి మాడు లేని చోట గీకుతున్నారు.

"దేవుడికి కూడా తప్పు అడ్రసు ఇచ్చినాను లీలా. ఇన్ని ప్రార్థనలూ ఏ ఇంటికెళ్లి పడ్డాయో."

లీలాకి నవ్వొచ్చింది. తల తిప్పుకుంది. వరండాలో కూర్చున్న ప్రకాష్‌కి కూడా వినబడింది. వాడు నవ్వలేదు. లేచి లోపలికి వచ్చి, తల్లి వెనకాల నిలబడి, అమ్మా ఒక్క మాట విను అన్నాడు. గుర్రాన్ని ఆడించడం తప్పుడు పని కాదని, ఏనాడూ సిగ్గుపడి దాచలేదని, ఆవిడ సంతోషం చూసి నోరు రాలేదని, ఒక దానెనక ఒకటి చెప్పాడు.

రాణమ్మ గారు బాండీ బోర్లించారు.

"లీలా, డాన్సులాడించడం తప్పని నేనన్నానా? రాష్ట్రపతి అయినా నాకు సమ్మతమే. పన్నెండేళ్లు నన్ను ఎర్రిదాన్ని సేసి నిలబెట్టినాడు సూడు, అది అడుగు."

లీలా ఎవరినీ ఏమీ అడగలేదు. బయట గేటు దగ్గర ఎవరో దగ్గారు.

* * *

వచ్చింది భీమన్న. కొయ్యూరు పైన కొండ ఊరు అతనిది. చింతపండు, అడ్డాకులు గుర్రం మీద వేసుకుని సంతలకి దిగుతాడు. చాలా ఏళ్ల కిందట అతని భార్య కామమ్మ కాలు కాలి ఆసుపత్రిలో పడితే, రాణమ్మ గారే నెలరోజులు కట్లు మార్చారు. ఆ నెలంతా భీమన్న గుర్రం ఈ ఇంటి పెరట్లోనే ఉంది. సత్యప్రకాష్ జీవితంలో మొదట ఎక్కిన గుర్రం అదే. బడి నుంచి నేరుగా దాని దగ్గరికే పోయేవాడు.

ఇప్పుడు భీమన్న చేతిలో ఉన్నది దాని పిల్ల, బుల్లోడు. పొట్టి కొండ గుర్రం, మట్టి రంగు. మూపు మీద కప్పిన గోనెపట్టా చుట్టూ ఈగలు.

"వందనాలమ్మా. సిన్నబాబు వచ్చినాడని సంతలో సెప్పినారు," అన్నాడు భీమన్న. "బరువు ఒరిసి ఈడికి మూపు మీద పుండు పడిపోనాది. బాబు మిలటరీ గుర్రాలకి కట్లు కడతాడు, వచ్చినప్పుడు తోలుకురా అని మీరే సెప్పినారు గదమ్మా."

అవును, ఆవిడే చెప్పారు. ఒక్క భీమన్నకే కాదు, కొండ మీద నుంచి గుర్రంతో దిగిన ప్రతివాడికీ చెప్పారు.

లీలా అత్తగారి వైపు చూసింది. ప్రకాష్ నేల వైపు చూశాడు. చర్చిలో అందరూ నవ్విన నవ్వు ఇప్పుడు గేటు దగ్గరికి కూడా వచ్చి నిలబడినట్టయింది.

రాణమ్మ గారు చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"ఆడు సెలవులో ఉన్నాడు భీమన్నా," అన్నారు. "సెలవులో ఉన్నప్పుడు మిలటరీవోళ్లు పని సెయ్యకూడదు. రూలు. నేను కడతాను, లోపలికి తే."

భీమన్న ఆ రూలుని ఎంతో మర్యాదగా ఒప్పుకున్నాడు. ప్రకాష్ తల ఎత్తి తల్లిని చూశాడు. ఆవిడ చూడలేదు, పెరట్లోకి నడుస్తూ వేడి నీళ్లు పెట్టమని లీలాకి చెబుతున్నారు.

గోనెపట్టా తీస్తే పుండు అరచేతంత ఉంది. చీమూ వెంట్రుకలూ కలిసిపోయి అట్టకట్టింది. రాణమ్మ గారు స్టూలు వేసుకుని, గుడ్డ తడిపి, అలవాటుగా మొదలెట్టారు. "ఒరే నాయనా, అయిపోయింది, అయిపోయింది..."

మనిషైతే ఆ మాటకి తగ్గేవాడు. బుల్లోడు తగ్గలేదు. గుడ్డ తగలగానే పక్కకి గెంతాడు. స్టూలు పడింది, నీళ్ల గిన్నె పడింది, రాణమ్మ గారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. భీమన్న తాడు గట్టిగా లాగాడు. లాగినకొద్దీ గుర్రం తల పైకెత్తి వెనక్కి పోతోంది. ఆవిడ ఇంకా గట్టిగా నాయనా అంటున్నారు, భీమన్న ఓహో ఓహో అంటున్నాడు, లీలా జాగ్రత్త అంటోంది.

ప్రకాష్ వచ్చి భీమన్న చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

ఎదురుగా నిలబడలేదు. గుర్రం భుజం పక్కన నిలబడ్డాడు. ఒక్క మాటా అనలేదు. తాడు లాగలేదు, పిడికిలి బిగించాడు అంతే. మళ్లీ వదిలాడు. బుల్లోడు చెవి ఒకటి ఇటు తిప్పాడు. పిడికిలి బిగిసింది, వదిలింది. గుర్రం ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ బిగిసింది, వదిలింది. తల కిందికి దించింది. నాలుగు కాళ్లూ సమంగా మోపి, మంచం కోళ్లలా నిలబడింది.

మిగతా ముగ్గురూ కూడా నోరు మూసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయింది.

రాణమ్మ గారు స్టూలు ఎత్తుకుని మళ్లీ కూర్చున్నారు. గుడ్డ పెట్టారు. గుర్రం చర్మం వణికింది కానీ అడుగు కదల్లేదు. ఆవిడ కడుగుతూ ఒకసారి పుండు వైపు, ఒకసారి కొడుకు పిడికిలి వైపు చూస్తున్నారు.

"లీలా, కత్తెర. ఈ ఎంట్రుకలు తియ్యకపోతే మందు అంటదు."

ఇంట్లో కత్తెర మొండిది. అది తెలిసినట్టే ప్రకాష్ లీలాకి తన పెట్టె వైపు కళ్లతో చూపించాడు. లీలా వెళ్లి జేబురుమాల్లో చుట్టిన కత్తెర ఒకటి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

రుమాలు విప్పగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ముక్కు కొంచెం వంకర తిరిగిన డ్రెస్సింగు కత్తెర. తొంభైమూడులో కొడుకు సెలవుకి వచ్చినప్పుడు, సొంతంగా కొని, కొత్త ఉద్యోగానికని ఆవిడే ఇచ్చింది. తుప్పు లేదు. మొన్న కొన్నట్టుంది.

వారంలో మొదటిసారి ఆవిడ కేలండరుతో కాకుండా కొడుకుతో మాట్లాడారు.

"ఇది నేనిచ్చిందే కదరా."

"నువ్విచ్చిందే."

"దీంతో ఏటి కోస్తన్నావు ఇన్నాళ్లూ?"

"దారం అమ్మా. పోటీకి ముందు గుర్రం జూలుకి సన్నంగా జడలు అల్లుతాం. దారంతో కుట్టి, దీంతో తెంపుతాను. నేనెళ్లిన దేశాలన్నీ అదీ వచ్చింది."

"జడలు నువ్వే అల్లుతావా?"

"నేనే."

ఆవిడ పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించడం మొదలెట్టారు. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు అన్నారు, "కూతురు లేదని ఊరికే బాధపడ్డాను."

భీమన్న నవ్వాడు. ఎందుకో పూర్తిగా తెలియకపోయినా నవ్వాడు.

* * *

మందు రాసి, గుడ్డ వేసి, జారకుండా పొట్ట కింద నుంచి కట్టు తిప్పి ముడేసేసరికి మధ్యాహ్నం దాటింది. నాలుగు రోజులు కట్టు మారుస్తూ ఉండాలి, ఇక్కడే వదిలేసి పొమ్మన్నారు రాణమ్మ గారు. తల్లి ఉన్న పెరట్లోనే పిల్లా ఉంటుందన్నమాట అని భీమన్న సంతోషపడి, ఉప్పు కొనుక్కోడానికి బజారుకి వెళ్లాడు.

తల్లీ కొడుకులు పెరటి గట్టు మీద కూర్చున్నారు. లీలా టీ తెచ్చింది. ఇద్దరికీ మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. లీలా అందులో కూర్చోలేదు, గుమ్మంలో నిలబడింది.

నోరెత్తకుండా దాన్ని ఎలా నిలబెట్టావని రాణమ్మ గారు అడిగారు. ప్రకాష్ టీ గ్లాసు కింద పెట్టి చెయ్యి చూపించాడు. గుర్రాన్ని ఏదైనా కొత్తది అడిగే ముందు ఒక్క క్షణం ఆపుతున్నట్టే చేసి వదులుతామని, దాంతో అది తనని తాను సర్దుకుంటుందని చెప్పాడు. పట్టుకోవడం ఎవరికైనా వస్తుందట. వదలడం నేర్చుకోడానికే తనకి ఏళ్లు పట్టిందట.

"మాట్లాడితే ఏటవుద్ది మరి?"

"మార్కులు కోసీస్తారమ్మా. పోటీలో గుర్రంతో మాట్లాడకూడదు. నాలిక సప్పుడు కూడా సెయ్యకూడదు. మాట వినబడితే రెండేసి మార్కులు పోతాయి."

"నీకెప్పుడైనా పోయాయా?"

ప్రకాష్ బుల్లోడి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"బ్యాంకాక్‌లో పోయాయి. మూడో ప్లేసు రావాల్సింది, నాలుగోది వచ్చింది. ఆఖర్న ఏదో జెండా ఎగిరి గుర్రం బెదిరింది. ఒరే నాయనా, అయిపోయింది, అయిపోయింది అన్నాను. అనాలని అన్లేదు, వచ్చీసింది. ఆ జడ్జికి తెలుగు రాదు గానీ సెవులున్నాయి కదా."

రాణమ్మ గారి చేతిలో గ్లాసు ఒళ్లోకి దిగింది.

"నా మాటకేనా పతకం పోయింది?"

"నీ మాటకే గుర్రం నిలబడింది కూడా. లేకపోతే గిరి దాటి బయటికి పోయేది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు మొదలెట్టారు, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు.

"గుర్రంతో మాట్లాడకూడని సోట మాట్లాడినావు. అమ్మతో మాట్లాడాల్సిన సోట పన్నెండేళ్లు నోరెత్తలేదు. నేను జడ్జినైతే నీకు మార్కులేటి మిగుల్తాయిరా?"

"ఏమీ మిగలవమ్మా."

"లీలా, నువ్వేటంటావు? ఈడు పోవాలా, మానాలా?"

"నన్నడగడానికి మీ ఇద్దరికీ వారం పట్టింది," అంది లీలా గుమ్మంలోంచి. తర్వాత మెల్లగా అంది. "ఇక్కడ కూర్చోబెడితే కుర్చీలో కూడా గుర్రం మీద కూర్చున్నట్టే కూర్చుంటాడు అత్తా. ఈ వారమంతా సూస్తన్నాను. నాకాయన కావాలి గానీ, ఇలా కాదు."

రాణమ్మ గారు అవునని అనలేదు, కాదని అనలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లారు.

* * *

నాలుగు కాకముందే ఫోన్ మోగింది. మిలటరీవాళ్లకి టైమంటే తొందరే.

ముందు గదిలో, అద్దం పక్కన చిన్న బల్ల మీద ఉంటుంది ఫోన్. ప్రకాష్ వెళ్లి నిలబడ్డాడు కానీ ఎత్తలేదు. వెనక నుంచి తల్లి వచ్చి చొక్కా అంచు పట్టుకున్నారు. చిన్నప్పుడు యలమంచిలి స్టేషన్లో రైలు వస్తుంటే అలాగే పట్టుకునేవారు, రద్దీలో ఎక్కడ తప్పిపోతాడోనని. పట్టు గట్టిగా ఉంది. గుడ్డ వీపు మీద బిగుసుకుంది.

ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తాడు. అవతల సాబ్ గొంతు హలో, హలో అంటోంది.

ఒక్క క్షణం ఆ పిడికిలి ఇంకా బిగిసింది. తర్వాత వదిలింది.

గుర్రం మీద కూర్చుని ఇన్నేళ్లూ వెంట్రుకవాసి తేడా చేతుల్లో పట్టుకున్న మనిషికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు సాబ్‌ని మాట్లాడనివ్వకుండానే, నేను వస్తున్నాను సాబ్, రెండేళ్లు ఉంటాను, ఎంపికలో దిగుతాను అని హిందీలో గబగబా చెప్పేశాడు.

అవతల సాబ్ మెల్లగా మాట్లాడ్డం మొదలెట్టాడు. ప్రకాష్ రెండుసార్లు జీ అన్నాడు. మూడోసారి అనలేదు. ఫోన్ పెట్టేసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు.

రాణమ్మ గారు అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయారు. బుల్లోడి కట్టు సరిగ్గా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంటూ, గొంతు పెంచి లోపలికి వినబడేట్టు మాట్లాడుతున్నారు. ప్రభుకుమార్ గారికి రేపు చర్చిలో తనే చెబుతారట. డ్రెస్సింగు కాదండీ, డ్రెసాజు, పలకడం నేర్చుకోండి అంటారట. లీలా స్కూల్లో సెలవు పెడితే ఇద్దరూ కలిసి ఎంపిక పోటీ చూడ్డానికి మీరట్ వస్తారట.

"ఒరే ప్రకాషూ," అన్నారు, కొడుకు గుమ్మంలోకి రాగానే. "నువ్వు నోరెత్తకూడదు సరే. సూసేవోళ్లలో కూర్చుని నేను నోరెత్తొచ్చా?"

పన్నెండేళ్ల అలవాటు నోటి చివర దాకా వచ్చింది. ఎత్తొచ్చమ్మా, రండి అనేస్తే సరిపోతుంది. ఈ పూటకి ఆవిడ నవ్వు అలాగే ఉంటుంది. రేపో ఎల్లుండో, రైలెక్కాకో, ఎస్టీడీ నుంచో చెప్పొచ్చు.

లీలా మొగుడి మొహం చూసింది. ఏదో అయిందని ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. వాడే చెప్పాలని ఆగింది.

ప్రకాష్ గుమ్మం దిగి వచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, నా గుర్రానికి బాగోలేదంట. నిన్న పొద్దుట్నుంచి కాలు మోపట్లేదంట. పోటీ నాటికి తేరుకుంటాదో లేదో డాక్టర్లు కూడా సెప్పలేకపోతన్నారంట."

బుల్లోడు తోకతో ఈగని కొట్టుకున్నాడు.

రాణమ్మ గారు కొడుకు మొహంలోకి చూశారు. తర్వాత గట్టు మీద పెట్టిన కత్తెర తీసి, కొంగుతో తుడిచి, రుమాల్లో చుట్టడం మొదలెట్టారు.

"ఏ కాలురా?" అన్నారు.

* * *

ఇవాళ్టికి ఇక్కడ ఫోన్ పెట్టేస్తున్నానండీ. నన్ను తిట్టేవాళ్లు తిట్టండి, పడతాను. ఒక్క పని మాత్రం చేసిపెట్టండి. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లు ఏం పని చేస్తారో మీకు సరిగ్గా తెలీదు, మీరేమనుకుంటున్నారో వాళ్లకి తెలీదు. ఈ కథ ముందు వాళ్లకి పంపండి. పంపి ఊరుకోకుండా, సాయంత్రం టీ తాగేటప్పుడు ఓసారి ఫోన్ చేసి, నువ్వు అసలు ఏం చేస్తుంటావు నాయనా అని అడగండి. ఉంటానండీ, వాన తగ్గింది.